10 / 0 ని జావా కంపైలర్ ఎందుకు ఆపదు? (కంపైల్ టైమ్, రన్ టైమ్ తప్పుల మీద చర్చ)

శ్రావ్య_కాకినాడ
అందరికీ నమస్కారం. బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్నాను. జావా ల్యాబ్ వైవా దగ్గర పడుతోంది, ఒక సందేహం మాత్రం తెగడం లేదు.

"ఇంట్ ఎక్స్ = 10 / 0;" అని రాస్తే జావా కంపైల్ చేసేస్తోంది (అంటే నడిపే ముందు కోడ్‌ని పరీక్షించి మార్చే దశ దాటేస్తోంది). రన్ చేశాకే అరిథ్‌మెటిక్ ఎక్సెప్షన్ (లెక్క కుదరక ప్రోగ్రామ్‌ని ఆపే ఎర్రర్) వస్తోంది. అదే "బైట్ బి = 200;" అని రాస్తే కంపైల్ దగ్గరే ఆపేస్తోంది. రెండు చోట్లా అంకెలు కళ్లెదురుగానే ఉన్నాయి కదా. బైట్‌లో (గరిష్ఠం 127) 200 పట్టదని తెలిసిన కంపైలర్‌కి సున్నాతో భాగించకూడదని తెలియదా?

మా నోట్స్‌లో "సింటాక్స్ తప్పులు కంపైల్ టైమ్‌లో, లాజిక్ తప్పులు రన్ టైమ్‌లో తెలుస్తాయి" అని ఒక్క లైను ఉంది. దాంతో దీనికి జవాబు దొరకడం లేదు. వైవాలో అడిగితే ఏం చెప్పాలి?

బెజవాడ_కిరణ్
ముందు ఆ నోట్స్ లైను పక్కన పెట్టెయ్యండి. అది రెండు వైపులా తప్పే.

"ఇంట్ కౌంట్ = "పది";" అని రాశారనుకోండి. వ్యాకరణం ప్రకారం ఆ వాక్యంలో ఏ లోపమూ లేదు. సెమీకోలన్ ఉంది, కొటేషన్లు సరిగ్గా మూశారు. అయినా కంపైలర్ ఒప్పుకోదు, ఎందుకంటే టైపు (అంకెలా, అక్షరాలా అన్న రకం) కుదరలేదు. అది సింటాక్స్ తప్పు కాదు, అయినా కంపైల్ టైమ్‌లోనే దొరికింది. ఇక లాజిక్ తప్పు సంగతి. బిల్లులో 18 శాతం జీఎస్టీకి బదులు 1.8 శాతం వేస్తే రన్ టైమ్‌లో కూడా ఏ ఎర్రరూ రాదు. ప్రోగ్రామ్ చక్కగా నడిచి తప్పు బిల్లు ఇస్తుంది. దాన్ని మనిషో, మనం రాసిన టెస్టో పట్టుకోవాలి.

మీ అసలు ప్రశ్నకి వస్తే, కంపైలర్‌కి తెలియక కాదు. "-ఎక్స్‌లింట్" ఆప్షన్ పెట్టి అదే ఫైల్ కంపైల్ చేయండి, డివ్‌జీరో అని హెచ్చరిక వస్తుంది. దానికి తెలుసు. కాకపోతే ఆపే అధికారం జావా భాష నిర్వచనం దానికి ఇవ్వలేదు. పూర్ణాంకాన్ని పూర్ణాంకంతో భాగిస్తే పూర్ణాంకం వస్తుంది, కింద సున్నా ఉంటే నడిచేటప్పుడు ఎక్సెప్షన్ విసరాలి అని నిర్వచనంలో రాసి ఉంది. బైట్ విషయంలో రూలు వేరు. కుడివైపు ఉన్నది స్థిరమైన విలువ అయి, అది బైట్‌లో పడితేనే ఒప్పుకోమంది. అందుకే 100 రాస్తే ఒప్పుకుంటుంది, 200 రాస్తే ఆగుతుంది.

అదే లైను వేరే భాషల్లో రాసి చూడండి. గో ఆపేస్తుంది. సీ షార్ప్ ఆపేస్తుంది. రస్ట్ కూడా ఈ లైను నడిస్తే పానిక్ అవుతుందని (ఎర్రర్‌తో ఆగిపోతుందని) చెప్పి ఆపేస్తుంది. జీసీసీ అనే కంపైలర్‌తో సీ ప్రోగ్రామ్ అయితే హెచ్చరిక మాత్రం ఇచ్చి ముందుకెళ్తుంది. పైథాన్ ఆ లైనుకి చేరేదాకా ఏమీ అనదు. ఒకే తప్పు, ఇన్ని తీర్పులు. ఫలానా తప్పు కంపైల్ టైమ్‌దా, రన్ టైమ్‌దా అన్నది ఆ తప్పుని బట్టి కాదు, ఆ భాషని తయారుచేసినవాళ్లు గీత ఎక్కడ గీశారన్నదాన్ని బట్టి ఉంటుంది.

శ్రావ్య_కాకినాడ
చాలా థాంక్స్ అండీ. ఇప్పుడు ఇంకో ప్రశ్న. "ఇంట్ ఎన్ = 0; ఇంట్ ఎక్స్ = 10 / ఎన్;" అంటే గో కూడా కంపైల్ చేసేసింది, ఇప్పుడే ఆన్‌లైన్‌లో చూశాను. పై లైన్లోనే ఎన్ సున్నా అని ఉంది కదా, ఎందుకు వెనక్కి చూడదు?

ప్రసాద్_మాస్టారు
మంచి ప్రశ్న తల్లీ. వెనక్కి చూడొచ్చు, కొన్ని చూస్తాయి కూడా. రస్ట్ ఇలాంటి సులువైనవి పట్టుకుంటుంది. కానీ ఎంత దూరం చూడాలి? ఎన్ విలువ ఒక ఫంక్షన్ నుంచి వచ్చిందనుకో, ఆ ఫంక్షన్ ఇంకో ఫంక్షన్‌ని పిలిచిందనుకో, చివరికి కీబోర్డు నుంచి వచ్చిందనుకో. ఏ ప్రోగ్రామ్ ఇచ్చినా అది ఆగుతుందో లేదో ముందే తేల్చి చెప్పే ప్రోగ్రామ్ రాయడం అసాధ్యమని 1936లోనే గణితవేత్త ట్యూరింగ్ నిరూపించాడు. ప్రోగ్రామ్ నడవడికకు సంబంధించిన ఆసక్తికరమైన ప్రశ్నలన్నిటికీ అదే వర్తిస్తుందని 1953లో ఇంకో గణితవేత్త రైస్ చూపించాడు. కాబట్టి చెడ్డ ప్రోగ్రామ్‌లన్నిటినీ ఆపి, మంచివన్నిటినీ వదిలే కంపైలర్ ఎప్పటికీ రాదు. ఏదో ఒక వైపు పొరపడాల్సిందే.

జావా ఏ వైపు పొరపడుతుందో నీకు నువ్వే చూడొచ్చు. ఇది రాసి చూడు:

ఇంట్ ఎక్స్;
ఇఫ్ (ఎన్ > 0) ఎక్స్ = 1;
ఇఫ్ (ఎన్ <= 0) ఎక్స్ = 2;
తర్వాత ఎక్స్‌ని ప్రింట్ చెయ్యి.

ఎన్ ఎంతైనా సరే ఈ రెండింట్లో ఒకటి నిజం. ఎక్స్‌కి విలువ రాకుండా ఉండే దారే లేదు. అయినా జావా కంపైలర్ "వేరియబుల్ ఎక్స్‌కి విలువ ఇచ్చి ఉండకపోవచ్చు" అని ఆపేస్తుంది. రెండో ఇఫ్ తీసేసి ఎల్స్ పెట్టు, ఒప్పుకుంటుంది. అది షరతుల్లోని లెక్క చూడదు, దారుల ఆకారం మాత్రమే చూస్తుంది. ఇక్కడ సరైన ప్రోగ్రామ్‌ని కాదంది, 10 / 0 దగ్గర తప్పు ప్రోగ్రామ్‌ని సరే అంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి వైవాలో చెబితే ఎగ్జామినర్‌కి నీకు విషయం తెలుసని అర్థమైపోతుంది.

దివ్య_డేటా
పైథాన్ తరఫున ఒక మాట చెప్పాలి. పైథాన్‌కి కంపైల్ టైమ్ లేదని చాలామంది అంటారు, అది నిజం కాదు. ఫైల్ చివరి లైన్లో బ్రాకెట్ మూయకపోతే మొదటి లైన్లోని ప్రింట్ కూడా నడవదు. ముందు ఫైలంతా బైట్‌కోడ్‌గా (పైథాన్ లోపల నడిపే రూపంలోకి) మారాలి, అక్కడే సింటాక్స్ ఎర్రర్ వస్తుంది. పేరు తప్పుగా రాస్తే మాత్రం ఆ లైను నడిచే దాకా తెలియదు. అన్నిటికంటే చిరాకు పెట్టేది ఎక్సెప్ట్ బ్లాక్‌లో (ఎర్రర్ వస్తే ఏం చేయాలో రాసే చోట) ఉన్న తప్పు. డేటాబేస్ కనెక్షన్ పోయినప్పుడు మాత్రమే నడిచే కోడ్ అది. ఎప్పుడో ఒకరోజు కనెక్షన్ పోతుంది, అప్పుడు లాగర్ అన్న పేరులో ఒక అక్షరం తప్పని నేమ్ ఎర్రర్ వస్తుంది. దాన్ని పైఫ్లేక్స్ లాంటి చిన్న టూల్ క్షణంలో చెబుతుంది. 2015లో వచ్చిన పైథాన్ 3.5 నుంచి టైప్ హింట్లు (ఏ పేరులో ఏ రకం విలువ ఉంటుందో రాసే గుర్తులు) ఉన్నాయి, మైపై అనే టూల్ వాటిని చూసి తప్పులు చెబుతుంది. అయితే పైథాన్ మాత్రం నడిచేటప్పుడు ఆ హింట్లని పట్టించుకోదు, అది గుర్తుంచుకోవాలి.

ఇంత చెప్పాక, టైపులే అన్నీ కాపాడతాయని అనుకోవద్దు. జావాస్క్రిప్ట్ ప్రాజెక్టుల్లో బయటపడి సరిచేసిన తప్పుల్ని తీసుకుని, జావాస్క్రిప్ట్‌కి టైపులు జోడించే టైప్‌స్క్రిప్ట్ గానీ ఫ్లో గానీ వాడి ఉంటే ఎన్ని దొరికేవో 2017లో పరిశోధకులు లెక్కగట్టారు. 15 శాతం అని తేలింది. మిగతా 85 శాతానికి టెస్టులే గతి.

బెజవాడ_కిరణ్
దివ్య గారూ, ఆ లెక్క నాకూ తెలుసు. కానీ అది కమిట్ అయి, రిపోజిటరీలోకి (ప్రాజెక్ట్ కోడ్ భద్రపరిచే చోటికి) వెళ్లిపోయిన తప్పుల లెక్క. టెస్టులు, రివ్యూ దాటి వచ్చినవి అవి. నేను టైప్ చేస్తుండగానే ఎడిటర్ ఎర్ర గీత పెట్టి చూపించే తప్పులు ఆ లెక్కలోకి రావు. రోజూ నాకు టైపుల వల్ల మిగిలే సమయం అంతా అక్కడే. పైగా టెస్టులన్నీ దాటిన తప్పుల్లో కూడా 15 శాతం అంటే అది చిన్న సంఖ్య కాదు.

దివ్య_డేటా
ఒప్పుకుంటాను. కానీ నా పనిలో తప్పులు టైపుల్లో ఉండవు కిరణ్ గారూ, వచ్చే డేటాలో ఉంటాయి. ఒక సీఎస్‌వీ (కామాలతో విడదీసిన పట్టిక ఫైల్) వస్తుంది. హెడర్‌లో "జిల్లా" అన్న మాట తర్వాత ఒక ఖాళీ ఉంటుంది, కంటికి కనిపించదు. పాండాస్ అనే పైథాన్ లైబ్రరీలో "జిల్లా" కాలమ్ అడిగితే కీ ఎర్రర్. మైపైకి డేటాఫ్రేమ్ (పాండాస్ పట్టిక) అని తెలుసు గానీ అందులో ఏ కాలమ్‌లు ఉన్నాయో తెలియదు. జాబ్ గంటల తరబడి నడిచి, చివర్లో గ్రూప్‌బై (కాలమ్ వారీగా వరుసల్ని గుంపులు చేసే పని) దగ్గర పడిపోతుంది. అందుకే ఫైల్ చదివిన వెంటనే, ఏ లెక్కా మొదలుపెట్టకముందే, కావాల్సిన కాలమ్‌లన్నీ ఉన్నాయా అని చూసి లేకపోతే అక్కడే ఆపేస్తాం. అది కూడా రన్ టైమే, కానీ మొదటి నిమిషంలోనే తెలుస్తుంది. రన్ టైమ్‌లో కూడా ముందు, వెనుక ఉంటాయి. నా దృష్టిలో ఆ తేడాయే పెద్దది.

మూర్తి_డాలస్
దివ్య గారు చెప్పింది మా మెయిన్‌ఫ్రేమ్ (బ్యాంకుల్లాంటి చోట్ల వాడే పెద్ద కంప్యూటర్) వాళ్లకి రోజువారీ అనుభవం. కోబాల్ భాష మీద పనిచేసిన తెలుగువాళ్లని ఎవరినైనా అడగండి, సాక్ సెవెన్ (ఎస్0సీ7 అనే ఎర్రర్ కోడ్) అనగానే అర్ధరాత్రి ఫోన్లు గుర్తొస్తాయి.

కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇది ఈ చర్చకి సరిగ్గా సరిపోతుంది. కోబాల్‌లో ప్రతి ఫీల్డుకీ టైపు రాయాల్సిందే. "పిక్ ఎస్9(5) కాంప్-3" అంటే గుర్తుతో కూడిన అయిదంకెల సంఖ్య, మూడు బైట్లలో. ఒక్కో బైట్‌ని రెండు సగాలు చేసి ఒక్కో సగంలో ఒక్కో అంకె పెడతారు. ఆఖరి సగంలో ప్లస్సా మైనస్సా అన్న గుర్తు ఉంటుంది, సి అంటే ప్లస్, డి అంటే మైనస్. 12345 అయితే మెమరీలో 12 34 5సి అని కనిపిస్తుంది.

ఇప్పుడు ముందు జాబ్ రాసిన ఫైల్లో ఆ చోట సంఖ్య బదులు ఖాళీలు వచ్చాయనుకోండి. మెయిన్‌ఫ్రేమ్‌లో ఒక ఖాళీ అంటే హెక్స్ 40. ఫీల్డులో 40 40 40 ఉంటుంది. కంపైలర్‌కి ఇది సంఖ్య అని చెప్పాం, అది నమ్మింది, రిటర్న్ కోడ్ సున్నాతో, అంటే ఏ తప్పూ లేకుండా, కంపైల్ అయింది. రాత్రి బ్యాచ్‌లో యాడ్ స్టేట్‌మెంట్ నడిచినప్పుడు ప్రాసెసర్ ఆఖరి సగం చూస్తుంది. అక్కడ గుర్తు లేదు, సున్నా ఉంది. డేటా ఎక్సెప్షన్, అదే సాక్ సెవెన్. జాబ్ అబెండ్, అంటే మధ్యలోనే ఆగిపోతుంది. ఇక డంప్‌లో (ఆగినప్పటి మెమరీ కాపీలో) ఆఫ్‌సెట్ (ఆగిన చోటుని చెప్పే సంఖ్య) తీసుకుని, కంపైల్ లిస్టింగ్‌లో ఆ ఆఫ్‌సెట్ ఏ స్టేట్‌మెంట్‌దో వెతుక్కోవాలి.

టైపు రాయలేదా? రాశాం. కంపైలర్ చూడలేదా? చూసింది. కానీ కోబాల్ ఫైల్ రికార్డుని చదివేటప్పుడు ఆ బైట్లు నిజంగా సంఖ్యేనా అని చూడదు, రికార్డు ఏరియాలోకి అలాగే వచ్చేస్తాయి. అందుకే అనుభవం ఉన్నవాళ్లు చదివిన వెంటనే "ఇఫ్ అమౌంట్ ఈజ్ న్యూమరిక్" అని పరీక్ష పెట్టి, కానివాటిని వేరే రిజెక్ట్ ఫైల్లోకి రాసి, జాబ్‌ని ముందుకు నడిపిస్తారు. కంపైలర్ కాపలా ప్రోగ్రామ్ లోపలిదాకానే. బయటి నుంచి వచ్చేవాటికి పొలిమేరలో చెక్‌పోస్టు మనమే పెట్టుకోవాలి.

సుధీర్_ఆండ్రాయిడ్
మూర్తి గారూ, మీ సాక్ సెవెన్ మా దగ్గర కూడా ఉంది, పేరే వేరు. ఆండ్రాయిడ్ యాప్‌లు రాసే కాట్లిన్ భాషలో స్ట్రింగ్ అని రాస్తే అందులో నల్ (విలువే లేదన్న గుర్తు) ఉండదని కంపైలర్ హామీ ఇస్తుంది. నల్ రావచ్చంటే పక్కన ప్రశ్న గుర్తు పెట్టాలి. నల్ రిఫరెన్స్‌ని 1965లో కనిపెట్టిన టోనీ హోరే 2009లో దాన్ని తన "బిలియన్ డాలర్ల తప్పు" అన్నాడు. ఆ తప్పుని కంపైల్ టైమ్‌కి లాగిన భాషల్లో కాట్లిన్ ఒకటి.

కానీ జేసన్ (సర్వర్లు డేటా పంపే టెక్స్ట్ రూపం) చదవడానికి జీసన్ లైబ్రరీ వాడామనుకోండి. సర్వర్ నుంచి వచ్చిన జేసన్‌లో ఫోన్ నంబర్ ఫీల్డు లేదు. జీసన్ జావా కోసం రాసింది, కాట్లిన్ రూల్స్ దానికి తెలియవు. చాలాసార్లు అది కన్‌స్ట్రక్టర్‌ని (ఆబ్జెక్ట్‌ని మొదట సిద్ధం చేసే కోడ్‌ని) పిలవకుండానే ఆబ్జెక్ట్‌ని తయారుచేస్తుంది. దాంతో నల్ ఉండకూడదని రాసిన ఫీల్డులో నల్ కూర్చుంటుంది. అక్కడ ఏ గొడవా ఉండదు. ఎప్పుడో మూడు స్క్రీన్ల తర్వాత ఫోన్ నంబర్ చూపించే చోట యాప్ క్రాష్ అవుతుంది. క్రాష్ రిపోర్ట్‌లో ఆ స్క్రీన్ పేరు ఉంటుంది, అసలు తప్పు జరిగిన చోటు ఉండదు. కాట్లిన్ సొంత సీరియలైజేషన్ లైబ్రరీ వాడితే ఫీల్డు లేదని జేసన్ చదివే దగ్గరే ఎక్సెప్షన్ వస్తుంది. టైప్‌స్క్రిప్ట్ వాళ్లదీ ఇదే కథ. "యాజ్ యూజర్" (ఇది యూజర్ టైపే) అని రాస్తే కంపైలర్ నమ్ముతుంది, రన్ టైమ్‌లో ఆ టైపులు అసలు ఉండనే ఉండవు.

ఇంకోటి. కిరణ్ గారు జీఎస్టీ ఉదాహరణ చెప్పి లాజిక్ తప్పుని కంపైలర్ పట్టుకోదన్నారు. అది పూర్తిగా నిజం కాదు, మనం దానికి సాయం చేస్తే పట్టుకుంటుంది. మా యాప్‌లో పేమెంట్ గేట్‌వేకి మొత్తాన్ని పైసల్లో పంపాలి. స్క్రీన్ మీద రూపాయల్లో చూపించాలి. రెండూ లాంగ్ అనే పూర్ణాంక టైపుగా పెడితే 500 రూపాయలు పంపాల్సిన చోట 500 పైసలు, అంటే 5 రూపాయలు వెళ్లే ప్రమాదం ఉంది. కంపైలర్‌కి రెండూ ఒకటే. అందుకని రూపాయలకి ఒక వాల్యూ క్లాస్ (మనమే తయారుచేసుకునే కొత్త టైపు), పైసలకి ఒక వాల్యూ క్లాస్ పెట్టాం. ఒకటి అడిగిన చోట ఇంకోటి ఇస్తే ఇక కంపైలే అవ్వదు. 1999లో నాసా అంగారక నౌక మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ పోయింది ఇలాంటి తేడాతోనే. ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్-ఫోర్స్ సెకన్లలో అంకెలు ఇచ్చింది, తీసుకున్నది న్యూటన్ సెకన్లనుకుంది. సుమారు 4.45 రెట్ల తేడా.

ఓరుగల్లు_ఎంబెడెడ్
అంతరిక్షం మాట వచ్చింది కాబట్టి యూరప్ రాకెట్ ఏరియాన్ 5 సంగతి చెప్పాలి. టైపులు గట్టిగా ఉంటే చాలనుకునేవాళ్లు తప్పక చదవాల్సిన కేసు ఇది.

1996 జూన్ 4, ఫ్రెంచ్ గయానాలోని కూరూ. మొదటి ఏరియాన్ 5, నాలుగు క్లస్టర్ ఉపగ్రహాలతో లేచింది. మెయిన్ ఇంజిన్ రాజుకున్నాక 37 సెకన్లకి దారి తప్పడం మొదలై, కాసేపటికే ముక్కలైంది. కోడ్ ఏడా భాషలో ఉంది. కంపైల్ టైమ్ పరీక్షల్లో ఏడా అంత కఠినమైనది అప్పట్లో అరుదు. జరిగిందేమిటంటే, రాకెట్ అడ్డంగా వెళ్లే వేగానికి సంబంధించిన ఒక 64 బిట్ల దశాంశ సంఖ్యని 16 బిట్ల పూర్ణాంకంగా మార్చే లైను ఒకటి ఉంది. ఆ కోడ్ ఏరియాన్ 4 నుంచి తెచ్చుకున్నది. పాత రాకెట్ దారిలో ఆ విలువ ఎప్పుడూ 16 బిట్లు దాటేది కాదు. కొత్త రాకెట్‌కి ఆ వేగం ఎక్కువ, విలువ దాటింది.

రన్ టైమ్ పరీక్ష పనిచేయలేదా అంటే, చేసింది. ఎక్సెప్షన్ వచ్చింది. వస్తే ఏం చేయాలన్నది మాత్రం ఆ లైనుకి రాయలేదు. అలాంటి ప్రమాదం ఉన్న ఏడు వేరియబుల్స్‌లో నాలుగింటికి రక్షణ పెట్టి, కంప్యూటర్ లోడ్ 80 శాతం దాటకూడదన్న లక్ష్యం వల్ల మూడింటిని వదిలేశారు. ఎక్సెప్షన్ రాగానే ఆ నావిగేషన్ యూనిట్ ఆగిపోయింది. రెండో యూనిట్‌లోనూ అదే కోడ్ కాబట్టి అది అంతకు ముందే అదే కారణంతో ఆగిపోయి ఉంది. ఆగిపోయిన యూనిట్ పంపిన డయాగ్నస్టిక్ డేటాని మెయిన్ కంప్యూటర్ ప్రయాణ సమాచారం అనుకుంది. ఇంకో విషయం, ఆ లైను చేసే పని రాకెట్ నేల వదిలాక అవసరమే లేదు.

ఇక్కడ నాకు బాధ కలిగించేది ఒకటే. కొత్త రాకెట్ దారి తాలూకు అంకెలతో నేల మీద ఒక్క సిమ్యులేషన్ చేసి ఉంటే దొరికేది. ఆ సమాచారం వాళ్ల దగ్గరే ఉంది.

బెజవాడ_కిరణ్
రస్ట్ గురించి కూడా ఇలాంటిదే ఈమధ్య జరిగింది. 2025 నవంబర్ 18న చాలా వెబ్‌సైట్ల ట్రాఫిక్ తన ద్వారా నడిపే క్లౌడ్‌ఫ్లేర్ పడిపోయి సగం ఇంటర్నెట్ ఆగినట్టైంది కదా. వాళ్లే రాసిన రిపోర్ట్ ప్రకారం, డేటాబేస్ పర్మిషన్లలో చేసిన మార్పు వల్ల ఒక క్వెరీ డూప్లికేట్ వరుసలు ఇచ్చింది. దాంతో బాట్‌లని (మనుషులు కాకుండా సైట్లకి వచ్చే ప్రోగ్రామ్‌లని) గుర్తించే ఫీచర్ ఫైల్ రెట్టింపైంది. కోడ్‌లో 200 ఫీచర్ల పరిమితి ఉంది, దాటితే ఎర్రర్ వస్తుంది. రస్ట్ కంపైలర్ ఇక్కడ తన పని చేసింది, ఇది ఫెయిల్ కావచ్చని టైపులోనే చెప్పింది. కోడ్‌లో అన్‌ర్యాప్ అని ఉంది, అంటే ఫెయిల్ అయితే పానిక్ అవ్వు అని. అలాగే అయింది. అన్‌ర్యాప్ రాసిన ప్రతిచోటా "ఇది ఎందుకు ఫెయిల్ కాదు?" అని రివ్యూలో అడగాలని నేను మా టీమ్‌లో గట్టిగా పట్టుబడతాను.

ఓరుగల్లు_ఎంబెడెడ్
హెచ్చరికల గురించి కూడా ఒక మాట. 2014 ఫిబ్రవరిలో యాపిల్ సరిచేసిన "గోటు ఫెయిల్" తప్పులో ఒకే లైను రెండుసార్లు పడింది. రెండోది ఏ షరతూ లేకుండా నడిచి, డిజిటల్ సంతకం పరీక్షించే కోడ్‌ని దాటేసింది. ఆ కోడ్‌కి చేరే దారే లేదని క్లాంగ్ కంపైలర్ చెప్పగలదు, కానీ ఆ హెచ్చరిక మామూలు హెచ్చరికలు ఇచ్చే "-వాల్" ఆప్షన్‌లో లేదు, విడిగా అడగాలి. జావాలో రెండు రిటర్న్‌లు వరుసగా రాసి చూడు శ్రావ్యా, హెచ్చరిక కాదు, నేరుగా ఎర్రరే. సీ, సీ++ రాసేవాళ్లందరికీ నా విన్నపం ఒకటే, హెచ్చరికల్ని ఎర్రర్లుగా మార్చే ఆప్షన్ ప్రాజెక్ట్ మొదటిరోజే పెట్టండి. తర్వాత పెట్టాలంటే వందల హెచ్చరికలు చూసి ఎవరికీ మనసొప్పదు.

శ్రావ్య_కాకినాడ
అందరికీ చాలా చాలా థాంక్స్. మాస్టారు చెప్పిన ఇఫ్ ప్రోగ్రామ్ రాసి చూశాను, నిజంగానే ఆపింది. ఇంకొకటి నేనే ప్రయత్నించాను. స్ట్రింగ్‌ని నేరుగా ఇంటీజర్‌గా క్యాస్ట్ చేస్తే (వేరే టైపుగా చూడమంటే) కంపైల్ ఎర్రర్. అదే స్ట్రింగ్‌ని ముందు ఆబ్జెక్ట్ (ఏ ఆబ్జెక్టయినా పట్టే టైపు) వేరియబుల్‌లో పెట్టి తర్వాత క్యాస్ట్ చేస్తే కంపైల్ అయింది, రన్‌లో క్లాస్ క్యాస్ట్ ఎక్సెప్షన్ వచ్చింది. ఆబ్జెక్ట్ అనగానే కంపైలర్‌కి లోపల ఏముందో తెలియదు కాబట్టి నా మాట నమ్మింది, అంతేనా?

ప్రసాద్_మాస్టారు
అంతే. ఇప్పుడు ఇంకొంచెం కష్టమైనది ఇస్తాను, ఇందులో క్యాస్ట్ కూడా ఉండదు. స్ట్రింగ్ అరే (ఒకే రకం విలువల వరుస) ఒకటి తయారుచేసి, దాన్ని ఆబ్జెక్ట్ అరే వేరియబుల్‌లో పెట్టు. ఆ వేరియబుల్ ద్వారా మొదటి స్థానంలో ఒక ఇంటీజర్ పెట్టు. కంపైల్ అవుతుందా? రన్ అవుతుందా? అదే పని అరే బదులు లిస్ట్‌తో, స్ట్రింగ్‌ల లిస్ట్‌ని ఆబ్జెక్ట్‌ల లిస్ట్‌లో పెట్టి చెయ్యి. రెండింట్లో ఏది ఎక్కడ ఆగుతుందో చూసి రాయి.

శ్రావ్య_కాకినాడ
చూశాను మాస్టారూ. అరేతో కంపైల్ అయింది, రన్‌లో అరే స్టోర్ ఎక్సెప్షన్ వచ్చింది. లిస్ట్‌తో అసలు కంపైలే కాలేదు, టైపులు కుదరవంది. ఒకే భాషలో ఒకే పని, రెండు చోట్ల రెండు రకాలుగా ఆగింది!

ప్రసాద్_మాస్టారు
అరేలు మొదటి నుంచీ జావాలో ఉన్నాయి. అప్పట్లో జెనరిక్స్ (లిస్ట్ లాంటివాటిలో ఏ టైపు ఉండాలో చెప్పే సదుపాయం) లేవు. ఏ రకం అరేనైనా తీసుకునే ఒకే ఫంక్షన్ రాయాలంటే స్ట్రింగ్ అరేని ఆబ్జెక్ట్ అరేగా ఒప్పుకోక తప్పలేదు. దానికి బదులుగా అరేలో ఆబ్జెక్ట్ పెట్టినప్పుడు రన్ టైమ్‌లో టైపు చూసే ఏర్పాటు పెట్టారు. 2004లో జావా 5తో జెనరిక్స్ వచ్చాక లిస్ట్‌కి ఆ పరీక్షని కంపైల్ టైమ్‌కి జరిపారు. పాత కోడ్ ఆగిపోకూడదని అరేల రూలు అలాగే ఉంచేశారు. వైవాలో 10 / 0 అడిగితే కిరణ్ గారి జవాబు చెప్పు, తర్వాత ఇది నువ్వే ఎత్తుకో.